12×18 అంగుళాల ప్రింటుకి 12 మెగాపిక్సెల్స్ సరిపోతాయా?

నమస్కారమండీ. వచ్చే నెల మా నాయనమ్మ సంవత్సరీకం. అరుగు మీద చాట పెట్టుకుని చిక్కుడుకాయలు వొలుస్తూ నవ్వుతున్న ఫోటో ఒకటుంది. ఆవిడ అలా మనసారా నవ్విన ఫోటో ఇంకోటి లేదు. దాన్ని 12×18 సైజులో ఫ్రేము కట్టించాలని మా కోరిక.

మొదట వాట్సాప్‌లో వచ్చిన కాపీనే స్టూడియోకి ఇచ్చాను. 1600×1200 పిక్సెల్సే కదా, అంగుళానికి 89 కూడా పడలేదు. కళ్ల దగ్గర ముడతలన్నీ అలికేసినట్టు వచ్చాయి. చూసి ప్రాణం ఉసూరుమంది.

తర్వాత బాబాయి పాత ఫోన్లో అసలు ఫైలు దొరికింది, 4000×3000, అంటే 12 మెగాపిక్సెల్స్. దీంతో అంగుళానికి 222 వస్తాయి. 300 ఉండాలంటారు, కానీ గోడకి తగిలించి నాలుగైదు అడుగుల నుంచి చూసేదానికి ఇది చాలదా? పైగా సాయంత్రం మసక వెలుతురులో తీసింది, నీడల్లో నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) ఉంది. పిక్సెల్స్ కంటే అదే దెబ్బతీస్తుందేమోనని నా భయం.

ఇంకోటి, 12×18కి పైనో కిందో కత్తిరించాలి, చాట పోతుంది. 12×16 చేయిస్తే మొత్తం ఫోటో పడుతుంది, అంగుళానికి 250 వస్తాయి. అదే మేలా? యాప్‌లతో పెద్దది చేస్తే ముఖం మారిపోతుందా? ఇలా ప్రింట్ చేయించినవాళ్లు దయచేసి చెప్పండి.