రోడ్ల మీద సభలు వద్దన్న జీవో 1 మంచిదే కదా, ఎందుకు కొట్టేశారు?

అరండల్‌పేట: 2022 డిసెంబర్ 28న కందుకూరు సభలో తొక్కిసలాట జరిగి 8 మంది పోయారు. నాలుగు రోజులకే మన గుంటూరు వికాస్ నగర్‌లో చీరల పంపిణీ దగ్గర ముగ్గురు ఆడవాళ్లు. మర్నాడే, జనవరి 2న ప్రభుత్వం జీవో ఇచ్చింది. 2023 మే 12న హైకోర్టు కొట్టేసింది. ప్రాణాలు కాపాడే జీవోతో ఎవరికేం నష్టం?

రిటైర్డ్ మాస్టారు: వికాస్ నగర్‌లో తొక్కిసలాట జరిగింది మైదానంలో. జీవో ఆపింది రోడ్లని. దెబ్బ ఒకచోట, కట్టు ఇంకోచోట.

అరండల్‌పేట: కందుకూరు రోడ్డే కదండీ!

రిటైర్డ్ మాస్టారు: కాదనలేదు. కానీ 1861 పోలీసు చట్టం 30వ సెక్షన్ ఎప్పటినుంచో ఉంది. దారి మార్చమనొచ్చు, షరతులు పెట్టొచ్చు. అంతటితో ఆగకుండా, ఆ సెక్షన్ పేరే చెప్పి, జనం వణుకుతున్నప్పుడు 24 గంటల్లో కొత్త కాగితం రాశారు. భయంలో దేనికైనా తలూపుతాం. ఉగ్రవాదాన్ని అణచడానికని తెచ్చిన టాడా చట్టం 1985లో రెండేళ్లకని వచ్చి 1995 దాకా ఉంది.

అరండల్‌పేట: టాడా ఎందుకు మధ్యలో? నిషేధం అని జీవోలో లేదు. అరుదైన పరిస్థితుల్లో కారణాలు రాసి అనుమతి ఇవ్వొచ్చనే ఉంది. చదివి మాట్లాడండి.

బెంజిసర్కిల్ కుర్రాడు: ఆ అరుదు ఎవరికి వర్తిస్తుందో తెలిసిందేలే అన్నా 😀

రిటైర్డ్ మాస్టారు: చదివాను బాబూ. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ (ఉద్యోగుల జీతాల సవరణ) మీద 'చలో విజయవాడ'కి వస్తుంటే మా బస్సు ఆపి దించేశారు. అప్పటికి ఈ జీవో పుట్టనే లేదు. పొలాల గట్లమీద నడిచి ఎలాగో బీఆర్టీఎస్ రోడ్డుకి చేరాం. వేలమందిమి ఉన్నాం, మాలో ఎవరూ నలిగిపోలేదు. జీవో లేనప్పుడే ఇలా ఉంటే, ఉంటే ఎలా ఉంటుందో చెప్పు.

అరండల్‌పేట: మళ్లీ మీ పీఆర్సీ! మా పెద్దమ్మ ఓ చీరల పంపిణీకెళ్తే చెయ్యి విరిగింది. ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తలేదు. మీ సభాహక్కు ఆవిడకేం చేసింది?

రిటైర్డ్ మాస్టారు: బారికేడ్లు కట్టని వాళ్లని అడుగు. నా నోరు మూస్తే ఆవిడ చెయ్యి బాగవుతుందా?

సత్యనారాయణపురం: ఇద్దరూ కాస్త నెమ్మది.

అరండల్‌పేట: నెమ్మది ఏంటండీ! మాస్టార్లకి సభంటే జీతం. మావాళ్లకి సభంటే ఆటో ఎక్కించి తోలుకెళ్లడం, ఓ సంచీ, ఓ చీర. హక్కులు మీవి, తొక్కుడు మాది. మావాళ్లకి స్వేచ్ఛ కాదు, కాపలా కావాలి.

రిటైర్డ్ మాస్టారు: ఇప్పుడు చెప్పావు అసలు మాట. నీ భయం గుంపు గురించి కాదు. మీ పెద్దమ్మకి మంచీచెడూ తెలీదని. ఆవిడ్ని ఎప్పుడైనా అడిగావా?

అరండల్‌పేట: అడిగాను. ఈసారి పంచితే తెల్లారేసరికే వెళ్లి ముందు వరసలో నిలబడతానంది. అందుకే నాకు భయం.