వెబ్ ఆప్షన్ల డేటాతో నెట్‌వర్క్ గీస్తున్నాను, కొంచెం సాయం చేయండి

కావలిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లప్పుడు ఒకరిని చూసి ఒకరు అవే కాలేజీలు పెట్టేస్తున్నారు. మంచి ర్యాంకు వచ్చినవాళ్లూ అంతే, అదే నా బాధ.

పిల్లల్ని అడిగి, పేర్లు తీసేసి, ఆప్షన్లన్నీ ఎక్సెల్‌లో ఎక్కించాను. ఒకవైపు విద్యార్థులు, మరోవైపు కాలేజీలుగా గెఫీలో (నెట్‌వర్క్‌లు గీసే సాఫ్ట్‌వేర్) గీస్తే బాగానే వచ్చింది. కానీ ఒకే విద్యార్థి పెట్టిన కాలేజీలను ఒకదానితో ఒకటి కలిపితే మొత్తం చిక్కుపడ్డ దారంలా తయారైంది. నెల్లూరు, ఒంగోలు కాలేజీలు దాదాపు అందరూ పెట్టేవే కదా, అన్నిటికీ అతుక్కుపోతున్నాయి. జకార్డ్ సూచీ (రెండు కాలేజీలూ పెట్టినవాళ్ల సంఖ్యను, వాటిలో ఒక్కటైనా పెట్టినవాళ్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది) వాడితే ఇది తగ్గుతుందా? మొదటి ఆప్షన్‌కీ 40వ ఆప్షన్‌కీ ఒకే బరువు ఇవ్వడం నాకు సబబుగా లేదు, మరి ఎలా ఇవ్వాలి? లూవెన్ పద్ధతిలో (ఒకదానితో ఒకటి గట్టిగా ముడిపడ్డవాటిని ఒక గుంపుగా విడదీసే పద్ధతి) గుంపులు తీస్తే ప్రతిసారీ వేరుగా వస్తున్నాయి. వేటిని నమ్మాలి?

పైథాన్ కొద్దిగా వచ్చు. కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు పిల్లలకు చూపించాలని ఉంది, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.