'ఐ యామ్ టెన్స్‌డ్' అన్న వాక్యాన్ని తప్పని దిద్దవచ్చునా?

ప్రశ్న (దేవరకొండ, ఆంగ్ల ఉపాధ్యాయుడు):
పదో తరగతి పిల్లలు పరీక్షల గురించి రాసే లేఖలలో 'ఐ యామ్ వెరీ టెన్స్‌డ్' అన్న వాక్యం తరచుగా కనిపిస్తోంది. నేను చివరి 'డ్' కొట్టివేసి మార్కు తగ్గిస్తున్నాను. దేశమంతా వాడే మాటకు మార్కు తగ్గించడం అన్యాయమని మా సహోపాధ్యాయురాలు అంటున్నారు. మీ అభిప్రాయం తెలుపగలరు.

జవాబు (నల్లగొండ, కళాశాల అధ్యాపకుడు):
మీరు దిద్దడమే సరైన పని. 'టెన్స్' అన్న విశేషణానికి మూలం, సాగదీయడమనే అర్థం గల లాటిన్ క్రియ నుంచి వచ్చిన 'టెన్సుస్' అనే రూపం. కనుక 'సాగదీసిన, బిగిసిన' అన్న భావం ఆ మాటలోనే ఉంది. మన 'ఉద్రిక్తం' కూడా సంస్కృతంలో పని జరిగిపోయిందని తెలిపే 'క్త' ప్రత్యయంతో ఏర్పడినదే, దానిని ఎవరూ 'ఉద్రిక్తితం' అనరు. 2023 నవంబర్ 30న, తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్ రోజునే, ఆంధ్రప్రదేశ్ పోలీసులు నాగార్జునసాగర్ ఆనకట్ట 26 గేట్లలో 13 గేట్ల వరకు కంచె వేసి, ఇరు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలిచిన పరిస్థితిని ఆంగ్లంలో చెప్పాలంటే 'టెన్స్ సిచ్యుయేషన్' అనే అనాలి. అక్కడ 'టెన్స్‌డ్' ఎంతమాత్రం పొసగదు. పరిస్థితికి చెల్లని రూపం మనిషికి మాత్రం ఎందుకు చెల్లాలి?

జవాబు (మహబూబ్‌నగర్, విశ్రాంత ఉపాధ్యాయురాలు):
అధ్యాపకుల వారు చెప్పిన వ్యుత్పత్తి నిజమే, కానీ మాట పుట్టుకను బట్టి నేటి వాడుకను తేల్చడం కుదరదు. ఆంగ్లేయులే ఆ విశేషణాన్ని క్రియగా మార్చుకొని, భుజాలు బిగబట్టిన మనిషి గురించి 'హి టెన్స్‌డ్ హిజ్ షోల్డర్స్' అని రాస్తున్నారు. 'టెన్స్‌డ్ అప్' అన్నదీ వారి వాడుకే. ఇక పిల్లల వైపు నుంచి చూడండి. ఏళ్ల తరబడి 'పాస్ట్ టెన్స్, ప్రెజెంట్ టెన్స్' అని వల్లె వేసిన విద్యార్థికి 'టెన్స్' అంటే వ్యాకరణంలోని కాలమే. ఆ మాట 'టెంపుస్' అనే వేరే లాటిన్ పదం నుంచి వచ్చిందని అతనికి ఎవరూ చెప్పలేదు. అందుకే 'ఐ యామ్ టెన్స్' అనడానికి నోరు రాక, తనకు తెలిసిన టైర్డ్, వరీడ్, స్ట్రెస్‌డ్ వరుసలో ఈ మాటనూ చేర్చుకుంటున్నాడు. ఇంట్లో 'పరేషాన్ అయితున్న' అనే పిల్లవాడు తన మీదికి వచ్చి పడిన స్థితిని చెప్పుకుంటున్నాడు, ఆ 'డ్'లో ఉన్నదీ అదే. దీనిని అజ్ఞానమనడం నాకు బాధ కలిగిస్తోంది.

జవాబు (పోచంపల్లి):
మగ్గం మీద పడుగు బిగువుగా ఉంటే దానిని 'టాట్' అంటారు. దారానికి ఆ మాట, మనసుకు 'టెన్స్' అని నేర్పితే పిల్లలకు తేడా తెలుస్తుంది.

ప్రశ్న (దేవరకొండ):
'ది అట్మాస్ఫియర్ వాజ్ టెన్స్‌డ్' అని రాస్తే మార్కు ఇవ్వాలా?

జవాబు (మహబూబ్‌నగర్):
ఇవ్వకండి. వాతావరణాన్ని ఎవరూ పట్టి బిగించలేదు కనుక అక్కడ 'టెన్స్' ఒక్కటే నిలుస్తుంది. విద్యార్థి తన గురించి రాసుకున్న చోట మాత్రం పక్కన 'టెన్స్' అని రాసి, పోటీ పరీక్షలలో ఆ రూపమే కోరతారని చెప్పి, మార్కు ఉంచండి.