సూది వేసేటప్పుడు పాపకు వీఆర్ హెడ్‌సెట్ పెట్టించారా ఎవరైనా?

చిన్నదాని అమ్మ:
మా పాపకు ఆరేళ్లు. వచ్చే వారం టాన్సిల్స్ తీస్తారు. పోయినసారి రక్తపరీక్షకు ముగ్గురం పట్టుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి తెల్లకోటు కనిపిస్తే చాలు, నా వెనక దాక్కుంటోంది. ఈసారి క్యాన్యులా (మందు ఎక్కించడానికి సూదితో నరంలోకి పెట్టే సన్నని గొట్టం) పెట్టేటప్పుడు వీఆర్ హెడ్‌సెట్, అదే కళ్లకు తగిలించుకుంటే ఆట లోపలే ఉన్నట్టు చూపించేది, పెడతామంటున్నారు. మావారేమో "కళ్లకు గంతలు కట్టి పొడవడమేగా, దానికింత హంగామానా" అంటున్నారు. నాకూ లోపల అదే గుబులు. అది తీసి చూసేసరికి చేతికి సూది ఉంటే ఇక నా మాట నమ్ముతుందా?

రాత్రిడ్యూటీ:
పిల్లల వార్డులో నర్సునండి. మీవారి మాట కొట్టిపారేయలేను. చెప్పకుండా పెడితే అది గంతలే. మొదట్లో ఒక బాబుకి అలాగే చేశాం. ఆట మంచి రంజుగా ఉండగా సూది దిగింది. మర్నాడు హెడ్‌సెట్ చూడగానే ఏడుపు! సూదిమీద ఉన్న భయాన్ని దానికీ అంటగట్టాం, తప్పు మాదే.

ఇప్పుడు ముందురోజే సూదీ గీదీ లేకుండా ఊరికే ఆడిస్తాం. రేపు ఇది పెట్టుకుని ఆడుతుంటే సూది వేస్తామని దాచకుండా చెప్తాం. "చెప్పి గుచ్చమంటావా, చెప్పకుండానా?" అని పిల్లల్నే అడుగుతాం. ఆశ్చర్యంగా, చాలామంది చెప్పే గుచ్చమంటారు. హెడ్‌సెట్ ఉంది కదా అని చర్మాన్ని మొద్దుబార్చే క్రీము మాత్రం మానొద్దు. అది గంట ముందే రాయాలి, గుర్తుచేయండి. చేతులు ఊపే ఆట పెట్టారంటే మా పని గోవిందా! తల తిప్పి చూపుతో గురిపెట్టేదే అడగండి. మూర్ఛ వచ్చిన పిల్లలైతే ముందే డాక్టరుకు చెప్పాలి.

నొప్పికీ మన ధ్యాస కావాలి, ఆట ఆ ధ్యాసను లాగేసుకుంటుంది. కిటుకంతా అదే. అమెరికాలో హంటర్ హాఫ్‌మన్ బృందం కాలిన గాయాలవాళ్ల కోసం 'స్నోవరల్డ్' చేసింది ఇందుకే. పుండు కడుగుతుంటే రోగి మంచులోయలో మంచుముద్దలు విసురుతుంటాడు.

ఇద్దరి నాన్న:
మా పెద్దాడికి బాగా పనిచేసింది. చిన్నది మాత్రం లాగి పక్కన పడేసి "నాకు కనబడాలి" అంది. సూదివైపే చూస్తూ వేయించుకుంది. కళ్లనీళ్లు కారుతున్నాయి గానీ చెయ్యి కదపలేదు. కొందరు పిల్లలంతే, చూడనివ్వకపోతేనే భయం. అన్నట్టు, అది బరువుకి ముక్కుమీదికి జారుతుంది, పట్టీ బిగించమనండి.

లెక్కచూసేవాడు:
అద్భుతం అని ఎవరన్నా కొంచెం తగ్గించి వినండి. పిల్లల నొప్పికి వీఆర్ గురించి 2020లో కాక్రేన్ సమీక్ష వచ్చింది (వైద్య అధ్యయనాలన్నీ కలిపి తూచి చూసే సంస్థ అది). 4 నుంచి 18 ఏళ్లవాళ్లు 1008 మంది, 17 అధ్యయనాలు. ఆధారాలు బలహీనమనే తేల్చారు. అయితే మీ గుబులుకి దగ్గరది ఇంకొకటుంది. 2017లో దక్షిణ కొరియావాళ్లు 4–10 ఏళ్ల పిల్లలకు ఆపరేషన్ థియేటర్‌నే వీఆర్‌లో నాలుగు నిమిషాలు ముందుగా చూపించారు. చూసినవాళ్లకు మత్తు ముందు ఆందోళన తక్కువగా ఉంది. అక్కడ కళ్లు మూసింది లేదు, చూపించారంతే.

చిన్నదాని అమ్మ:
అందరికీ థాంక్సండీ. అడిగాను, థియేటర్ చూపించేది వాళ్ల దగ్గర లేదట. ఆట మాత్రం ముందురోజు ఇచ్చారు. సూది సంగతి నేనే చెప్పాను. రాత్రంతా "ఎంత పొడుగుంటుంది?" అని ఒకటే ప్రశ్న. పొద్దున ఎడమచెయ్యి తనే చాపింది, చెప్పే గుచ్చమంది. ఒక్క కేక. తర్వాత ఆట అవ్వలేదు తియ్యొద్దని నర్సుతో పేచీ! మావారు నవ్వారు గానీ గంతల మాట ఎత్తలేదు.

థియేటర్ తలుపు దగ్గర మాత్రం నా చెయ్యి వదలకుండా ఏడ్చింది. హెడ్‌సెట్ వార్డులోనే తీసేసుకున్నారు. అక్కడిదాకా ఉంచమని అడగాలని మాకు తోచనేలేదు.