స్టెర్న్ ట్యూబ్ బేరింగ్ కాలితే తప్పు ఆయిల్‌దా, షాఫ్ట్ వాలుదా?

సెకండ్ ఇంజినీర్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మా షిప్ ఈమధ్యే డ్రై డాక్ నుంచి బయటికొచ్చింది. టెయిల్ షాఫ్ట్ (ప్రొపెల్లర్ ఉండే చివరి షాఫ్ట్) లాగి, దాన్ని మోసే ఆఫ్ట్ బుష్‌కి, అంటే వెనక బేరింగ్‌కి, కొత్త వైట్ మెటల్ (మెత్తటి లోహపు పొర) వేయించి, స్టెర్న్ ట్యూబ్‌లో (షాఫ్ట్ హల్ దాటి బయటికెళ్లే గొట్టం) మినరల్ ఆయిల్ తీసేసి పర్యావరణహిత బయో ఆయిల్ నింపారు. ట్రయల్స్‌లో ఫుల్ స్పీడ్ మీద రడ్డర్ హార్డ్ ఓవర్ (ఒక పక్కకి పూర్తిగా తిప్పి) పెట్టగానే ఆఫ్ట్ బేరింగ్ టెంపరేచర్ చూస్తుండగానే అలారం దాటేసింది. స్పీడ్ తగ్గించాం, కానీ అప్పటికే మెటల్ వైప్ అయిపోయింది, అంటే కరిగి సాగిపోయింది. యార్డ్ వాళ్లు ఆయిల్ మీద తోస్తున్నారు. ఆయిల్ సప్లయర్ అలైన్‌మెంట్ (షాఫ్ట్, బేరింగుల అమరిక) మీద తోస్తున్నాడు. మీ అనుభవంలో ఏది నిజం?

లూబ్ మనిషి

నా మాట సూటిగా చెబుతాను, ఆయిలే. 2013 డిసెంబర్ నుంచి అమెరికా జలాల్లో తిరిగే పెద్ద వాణిజ్య ఓడలు సముద్రంలోకి కారే అవకాశం ఉన్నచోట పర్యావరణహిత ఆయిలే వాడాలని వెసెల్ జనరల్ పర్మిట్‌లో పెట్టారు. ఆ తర్వాతే క్లాస్ సొసైటీలు (ఓడల ప్రమాణాలు పెట్టి తనిఖీ చేసే సంస్థలు), ఇన్సూరెన్స్ క్లబ్బులు ఈ బేరింగ్ ఫెయిల్యూర్ల మీద పరీక్షలు చేయించాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి నడిచిన డిజైన్లు ఒక్కసారిగా ఎందుకు కాలతాయి?

డబ్బా మీద వీజీ 100 అని ఉంటే రెండూ ఒకటే అనుకుంటారు. ఆ అంకె 40 డిగ్రీల దగ్గర చిక్కదనం మాత్రమే. స్టెర్న్ ట్యూబ్ చుట్టూ ఉండేది సముద్రపు నీరు, చాలాసార్లు అంతకంటే చల్లగా. చల్లబడేకొద్దీ మినరల్ ఆయిల్ బాగా చిక్కబడుతుంది. ఈస్టర్ రకం బయో ఆయిల్‌కి విస్కాసిటీ ఇండెక్స్ (వేడికీ చలికీ చిక్కదనం మారకుండా ఉండే గుణం) ఎక్కువ కాబట్టి అంతగా చిక్కబడదు. అంటే కొత్త బుష్ మీద మొదటి గంటల్లో, ఫిల్మ్ (షాఫ్ట్‌కీ బుష్‌కీ మధ్య నిలిచే ఆయిల్ పొర) ఎక్కువగా కావాల్సిన సమయంలోనే, పలచటి ఆయిల్ దొరుకుతోంది. పైగా ఒత్తిడి పెరిగినప్పుడు మినరల్ ఆయిల్ చిక్కబడినంతగా ఇది చిక్కబడదు.

షాఫ్ట్ లైన్

లూబ్ మనిషి గారు చెప్పిన ఆయిల్ లక్షణాలతో నాకు పేచీ లేదు. తేల్చిన తీర్పుతోనే పేచీ. సెకండ్ గారూ, ఒక్కటి చెప్పండి, మెటల్ ఎక్కడ వైప్ అయింది? కింది భాగం పొడవునా అరిగిందా, లేక వెనక చివరే కరిగి సాగిందా?

సెకండ్ ఇంజినీర్

వెనక చివరే సార్. ఆరు గంటల పొజిషన్‌లో (అడుగున), బుష్ పొడవులో కొద్ది భాగం మాత్రమే. మెటల్ పొరలా సాగి పక్కనున్న ఆయిల్ గ్రూవ్‌లోకి వెళ్లి గట్టిపడింది. ముందువైపు మెషినింగ్ గీతలు ఇంకా కనబడుతున్నాయి.

షాఫ్ట్ లైన్

ముందువైపు మెషినింగ్ గీతలు చెరగలేదంటే షాఫ్ట్ అక్కడ సరిగ్గా ఆనలేదన్నమాట. బరువంతా వెనక అంచు మోసింది. ఏ ఆయిల్ పోసినా అంచు మీద నిలబెట్టిన షాఫ్ట్ కింద ఫిల్మ్ నిలవదు.

ఎందుకంటే ప్రొపెల్లర్ బేరింగ్ వెనకాల వేలాడుతుంది. దాని బరువుకి షాఫ్ట్ వెనక్కి వాలుతుంది. అందుకే బుష్‌ని కూడా కాస్త వాలుగా బోర్ చేస్తాం, అదే స్లోప్ బోరింగ్. షాఫ్ట్‌కీ బుష్‌కీ మధ్య వాలు తేడా 0.3 మిల్లీరేడియన్ దాటకూడదనేది క్లాస్ నిబంధనల్లో బాగా వాడుకలో ఉన్న హద్దు. మీటరు పొడవు బుష్‌లో అది 0.3 మిల్లీమీటర్లు. మనం ఆశపడే ఆయిల్ ఫిల్మ్ మందం మైక్రాన్లలో, మహా అయితే పదుల్లో. హద్దులో ఉన్న వాలు కూడా ఫిల్మ్‌కి ఎన్నో రెట్లు! అందుకే పెద్ద షాఫ్టులకి ఇప్పుడు డబుల్ స్లోప్, అంటే బుష్‌లో రెండు వాలులు, అడుగుతున్నారు.

ఇక ఆ టర్న్ సంగతి. నేరుగా వెళ్లేటప్పుడు ప్రొపెల్లర్ పైభాగం హల్ వెనక మెల్లగా పారే నీటిలో ఉంటుంది, థ్రస్ట్ (ఓడని ముందుకు నెట్టే బలం) కేంద్రం షాఫ్ట్ మధ్యరేఖకి కాస్త పైన పడుతుంది. అది వెనక చివరను పైకెత్తి బేరింగ్ అంచుకి ఊరటనిస్తుంది. హార్డ్ ఓవర్ పెడితే నీటి ప్రవాహం మారిపోతుంది, ఆ ఊరట పోవచ్చు, ఎదురు కూడా తిరగవచ్చు. బ్యాలస్ట్‌లో (సరుకు లేకుండా నడిచేటప్పుడు) ప్రొపెల్లర్ సగం బయట ఉంటే కింది బ్లేడ్లే పనిచేస్తాయి, థ్రస్ట్ కేంద్రం కిందికి జారుతుంది, అది షాఫ్ట్‌ని ఇంకా కిందికి వంచుతుంది. మీ ట్రయల్స్‌లో డ్రాఫ్ట్ (ఓడ మునిగిన లోతు) ఎంత?

సెకండ్ ఇంజినీర్

బ్యాలస్టే సార్. బ్లేడ్ల కొనలు నీటి పైన కనబడ్డాయి.

లూబ్ మనిషి

వాలు ఎప్పుడూ ఉన్నదే కదా! బ్యాలస్ట్‌లో టర్నులు పాత షిప్పులూ తిప్పాయి. అప్పుడు మినరల్ ఆయిల్ ఆ తప్పుని మోసింది, ఇప్పుడు మోయడం లేదు. ఉన్న మార్జిన్ తినేసింది ఆయిలే అంటున్నాను. కనీసం ఒక గ్రేడ్ చిక్కటిది వేయాల్సింది.

నీళ్ల పక్షం

మీరిద్దరూ ఆయిల్ చుట్టూనే తిరుగుతున్నారు. 1850లలో లిగ్నమ్ వైటే చెక్క బేరింగులు సముద్రపు నీటితోనే తిరిగాయి. ఇప్పుడు పాలిమర్ బుష్‌లున్నాయి, అంచు మీద ఒత్తిడి పడితే కాస్త ఒదిగిపోతాయి. కారడానికి ఆయిలే ఉండదు, పర్మిట్ గొడవే లేదు.

షాఫ్ట్ లైన్

నీళ్ల పక్షం గారూ, నీరు వీజీ 100 ఆయిల్ కంటే వంద రెట్లకు పైగా పలచన. అందుకే నీటి బేరింగులకి పొడవు ఎక్కువ అడిగారు, పాత రూల్ షాఫ్ట్ వ్యాసానికి నాలుగు రెట్లు. ఆయిల్ వైట్ మెటల్‌కి రెండు రెట్లు చాలు. ఇసుక నీటిలో షాఫ్ట్ లైనర్ (తొడుగు) అరుగుదల సంగతి వేరే. కొత్త షిప్ డిజైన్‌కి మంచి ఆలోచనే, మా సెకండ్ గారి షిప్‌కి కాదు.

లూబ్ మనిషి గారూ, వాలు ఎప్పుడూ ఉన్నదే అన్నారు, అదే ఒప్పుకోలేను. ఇంధనం ఆదా కోసం ప్రొపెల్లర్లు పెద్దవయ్యాయి, బరువెక్కాయి, ఆర్‌పీఎమ్ తగ్గింది. వేగం తగ్గితే ఫిల్మ్ పలచబడుతుంది, బరువు పెరిగితే అంచు నొక్కుకుంటుంది. కొన్ని షిప్పుల్లో ఫార్వర్డ్ (ముందువైపు) బుష్ కూడా తీసేశారు. ఈ మార్పులన్నీ షాఫ్ట్ లైన్ వైపువే. గ్రేడ్ పెంచడం మంచిదే, నేనూ పెంచమంటాను. కానీ దాన్ని మందులా వాడి వాలు కొలవడం మానేస్తే వచ్చే డాకింగ్‌లో మళ్లీ ఇదే చర్చ పెట్టాలి.

సెకండ్ గారూ, యార్డ్‌ని ఇవి అడగండి. అలైన్‌మెంట్ లెక్క డ్రై డాక్ స్థితికే చేశారా, తేలాక చేశారా? హల్ నీటిలో వంగుతుంది, ఇంజిన్ వేడెక్కితే దాని బేరింగులు పైకి లేస్తాయి, కాబట్టి తేలాక జాకింగ్ టెస్ట్ (షాఫ్ట్‌ని జాక్‌తో ఎత్తి బేరింగ్ మీద బరువు కొలవడం) రికార్డు చూపించమనండి. వేర్ డౌన్ గేజ్ రీడింగ్ చూపించి సరిపెడితే ఊరుకోవద్దు, అది ఒక్క చోట షాఫ్ట్ ఎంత దిగిందో చెబుతుంది, వాలు చెప్పదు. కొత్త బుష్‌ని బోర్ చేశాక కొలిచిన స్లోప్ ఎంతో కాగితం మీద ఇవ్వమనండి. రన్నింగ్ ఇన్ (కొత్త బుష్‌ని అలవాటు చేసే నడక) మెల్లగా, స్టెప్పులుగా జరగాలి. ప్రొపెల్లర్ పూర్తిగా మునిగేదాకా ఫుల్ స్పీడ్‌లో హార్డ్ ఓవర్ వద్దని మాస్టర్‌కి, క్లాస్ సర్వేయర్‌కి ముందే రాతపూర్వకంగా పంపండి.

లూబ్ మనిషి

పాత ఆయిల్ శాంపిల్, ఇప్పటి శాంపిల్ రెండూ ల్యాబ్‌కి పంపండి, నీటి శాతం చూడమనండి. ఈస్టర్‌లో నీళ్లు చేరితే అది విడిపోయి యాసిడ్ తయారవుతుంది. నా అభిప్రాయం మారలేదు, కానీ ఆ స్లోప్ కాగితం వచ్చాక ఇక్కడ పెట్టండి, నేనూ చూడాలి.