అప్‌డేట్: మా పెట్టలు చివరికి లేయర్ మేతకి లొంగాయి

మూడు వారాల క్రితం అడిగాను కదా, నూకలు, జొన్నలు తప్ప ఇంకేమీ తెలియని మా ఆరు నాటు పెట్టలు తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు) పెడుతున్నాయని లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్ల కోసం కాల్షియం ఎక్కువగా కలిపిన మేత) తెస్తే, కాళ్లతో చిమ్మేసి పోతున్నాయని. ఒక్కరోజులో మార్చేయడమే నా తప్పు.

మీరు చెప్పినట్టే ముప్పావు వంతు నూకల్లో పావు వంతు కొత్త మేత కలిపి మొదలుపెట్టాను. అయినా రెండు రోజులు నూకలు ఒక్కొక్కటే ఏరుకుని తిని కొత్త మేత పొడి మొత్తం గిన్నెలో వదిలేశాయి (మా అమ్మ కూడా బియ్యంలో రాళ్లు అంత శ్రద్ధగా ఏరదు). అప్పుడు కాసిని నీళ్లు చల్లి పొడిపొడి ఉప్మాలా తడిపి పెడితే, పొడి నూకలకు అంటుకుని ఏరడం కుదరక తినేశాయి. తడిపిన మేత మిగిలితే వెంటనే తీసేయండి, నేను ఒకరోజు మర్చిపోతే సాయంత్రానికి పులిసిన కంపు.

నాలుగు రోజులకోసారి పాళ్లు మారుస్తూ పన్నెండో రోజుకి పూర్తిగా మార్చేశాను. పొద్దున్నే ఆకలి మీద కొత్త మేత, గూట్లోకి వెళ్లేముందు మాత్రం గుప్పెడు జొన్నలు. ఆల్చిప్పల పొడి వేరే చిప్పలో పెడుతున్నా, కావాల్సినవి తింటాయి. పుంజుకి అంత కాల్షియం అక్కర్లేదు కాబట్టి దాన్ని విడిగా కట్టేసి పాత మేతే వేస్తున్నాను.

పెంకులు గట్టిపడ్డాయి, వారం నుంచి ఒక్క తోలుగుడ్డూ లేదు. ఎర్రపెట్ట ఒక్కటే ఇంకా గోడ దూకి పక్కింటి పిన్నిగారి అన్నం తినొస్తోంది.