ఐపీ ఫోన్ రింగవుతోంది, మాట మాత్రం రావట్లేదు: ఏ పోర్టులు తెరవాలి?

ద్వారకానగర్_ఐటీ:
నమస్కారమండీ. ఆఫీసులో ఆస్టరిస్క్ (ఫోన్ ఎక్స్ఛేంజీ సాఫ్ట్‌వేర్) సర్వర్ 192.168.10.5లో ఉంది, ముందు మైక్రోటిక్ రౌటర్. బయటి నుంచి 5060 యూడీపీ పోర్టుకి వచ్చేది సర్వర్‌కి ఫార్వర్డ్ చేసి ఉంది. గాజువాక బ్రాంచి ఫోన్లు రిజిస్టర్ అవుతున్నాయి, రింగూ వెళ్తోంది. ఎత్తాక ఇటు మాట అటు పోదు, అటుది ఇటు రాదు. అక్కణ్ణుంచి చేసిన కాల్ అర నిమిషం దాటగానే కట్.

సీతమ్మధార_వాయిస్:
5060లో నడిచేది సిప్, అంటే కాల్ కలపడం, తెంచడం వరకే. మాట ఆర్‌టీపీ అనే మరో ప్రోటోకాల్లో, వేరే పోర్టుల్లో విడిగా వెళ్తుంది. ఆస్టరిస్క్ మాదిరి ఫైల్లో ఆ రేంజి 10000 నుంచి 20000. అంత అక్కర్లేదు. సర్వర్ మీదుగా ఇద్దరు మాట్లాడితే 4 పోర్టులు పడతాయి, 20 కాల్స్‌కి 80. ఆర్‌టీపీ.కాన్ఫ్‌లో 10000–10199 పెట్టి, మైక్రోటిక్ డీఎస్‌టీ-నాట్ (పోర్ట్ ఫార్వర్డింగ్) రూల్లోనూ అదే రేంజి ఇవ్వండి. ప్రోటోకాల్ యూడీపీ, టు-పోర్ట్స్ ఖాళీగా వదిలెయ్యండి.

అర నిమిషం సంగతి వేరు. అది కచ్చితంగా 32 సెకన్లే అయ్యుంటుంది. ఫోన్ ఎత్తగానే సర్వర్ పంపే 200 ఓకే అనే సిప్ సందేశంలో "నా అడ్రస్ 192.168.10.5" అని ఉంటోంది. గాజువాక ఫోన్ తన జవాబు, అంటే ఏసీకే, ఆ అడ్రస్‌కే పంపుతుంది. బయటి నుంచి అది చేరే దారే లేదు. సర్వర్ 32 సెకన్లు ఎదురుచూసి కాల్ తెంచేస్తుంది. మాట పోయేదీ ఇందుకే, కాబట్టి ఎన్ని పోర్టులు తెరిచినా ఇది సరిచెయ్యకపోతే లాభం లేదు. పీజేసిప్ (ఆస్టరిస్క్‌లో సిప్ చూసే భాగం) ట్రాన్స్‌పోర్ట్‌లో ఎక్స్‌టర్నల్ మీడియా అడ్రస్, ఎక్స్‌టర్నల్ సిగ్నలింగ్ అడ్రస్ రెండింటికీ మీ పబ్లిక్ ఐపీ, లోకల్ నెట్‌కి 192.168.10.0/24 ఇవ్వండి. ఎండ్‌పాయింట్‌లో ఆర్‌టీపీ సిమెట్రిక్, ఫోర్స్ ఆర్‌పోర్ట్, రీరైట్ కాంటాక్ట్ మూడింటికీ ఎస్. డైరెక్ట్ మీడియా నో. ట్రాన్స్‌పోర్ట్ మార్పులకి రీలోడ్ చాలదు, ఆస్టరిస్క్ రీస్టార్ట్ చెయ్యాలి.

మధురవాడ_నెట్:
అన్నిటికన్నా ముందు మైక్రోటిక్ వాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు అడ్రస్) చూడండి సార్. 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే ఇంటర్నెట్ కంపెనీ వాళ్లే మిమ్మల్ని మరో నాట్ (లోపలి అడ్రస్‌ని బయటి అడ్రస్‌గా మార్చేది) వెనకాల పెట్టారు, స్టాటిక్ ఐపీ అడగాల్సిందే. 192.168.1.ఏదో అని ఉంటే ఫైబర్ పెట్టె కూడా నాట్ చేస్తోంది. దాన్ని బ్రిడ్జిలో (నాట్ చెయ్యకుండా దాటించేలా) పెట్టించి పీపీపీఓఈ (ఇంటర్నెట్ లాగిన్) మైక్రోటిక్ నుంచే డయల్ చెయ్యండి.

తర్వాత సిప్ ఏఎల్‌జీ, అంటే సిప్ సందేశాల్లోని అడ్రస్‌లు రౌటరే మార్చేసే సదుపాయం. ఐపీ, ఫైర్‌వాల్, సర్వీస్ పోర్ట్స్‌లో సిప్ డిసేబుల్ చెయ్యండి. గాజువాక రౌటర్లో కూడా ఆపాలి, చాలామంది అటువైపు మర్చిపోతారు. ఆపాక కనెక్షన్స్ టేబుల్లో 5060 ఎంట్రీలు తీసెయ్యండి. ఫోన్లు మాటిమాటికీ రిజిస్టర్ అవుతూ పాతవాటినే బతికిస్తూ ఉంటాయి, మార్పు పనిచెయ్యలేదని మీరు అనుకుంటారు.

ద్వారకానగర్_ఐటీ:
వాన్‌లో 192.168.1.2 ఉందండీ. బ్రిడ్జికి చెప్పాం. 5060 అందరికీ తెరిచి ఉంచొచ్చా?

అక్కయ్యపాలెం_సిస్టమ్స్:
వద్దండీ! ఇరవైనాలుగ్గంటలూ స్కానర్లు 5060 తడుముతూనే ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ 101, పాస్‌వర్డూ 101 అయితే రాత్రికి రాత్రే విదేశీ కాల్స్ బిల్లు మీ మీద పడుతుంది. గాజువాకలో స్టాటిక్ ఐపీ ఉంటే రూల్లో సోర్స్ అడ్రస్‌గా అదొక్కటే ఇవ్వండి.

లేకపోతే సిప్, ఆర్‌టీపీ ఫార్వర్డింగే తీసేసి రెండు ఆఫీసుల మధ్య వైర్‌గార్డ్ (వీపీఎన్ టనెల్) వెయ్యమంటాను. రౌటర్ ఓఎస్ 7లో ఉంది. ద్వారకానగర్ వైపు ఒక్క యూడీపీ పోర్టు తెరిస్తే సరి, గాజువాక వైపు పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (దారి మూసుకోకుండా పంపే ప్యాకెట్) 25 సెకన్లు. గాజువాక సబ్‌నెట్ వేరుగా, 192.168.20.0/24 లాంటిది ఉండాలి. దాన్నీ లోకల్ నెట్‌లో చేర్చండి. చేర్చకపోతే టనెల్లో వచ్చిన ఫోన్లకీ సర్వర్ పబ్లిక్ ఐపీయే చెప్తుంది, మళ్లీ మాట పోతుంది.

సీతమ్మధార_వాయిస్:
టనెల్ మాటే నాదీ. ఏది చేసినా ఎస్ఎన్‌గ్రెప్ (సిప్ సందేశాలు చూపే టూల్) పెట్టి ఒక కాల్ పట్టి చూడండి. 200 ఓకే కింద "సీ=" లైన్ ఉంటుంది. టనెల్ అయితే 192.168.10.5, ఫార్వర్డింగ్ అయితే పబ్లిక్ ఐపీ కనపడాలి.